నూకరత్నం, మూడో నంబరు

శుద్ధ విదియ

తేలూరులో తెప్ప ఉన్న ప్రతివాళ్ళూ రోజూ చిట్టా రాయాలి. అడుగు కారుతోందా, తాడు బిగువుగా ఉందా, మంచినీళ్ళు వచ్చాయా అని. నేను ఏళ్ళ తరబడి "బానే ఉంది" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టుకొస్తున్నాను, బాగా లేనప్పుడు కూడా. ఇవాళ మాత్రం రాయడానికి విషయం ఉంది. నేను గొప్పదాన్నయ్యాను.

పొద్దున మా తెప్ప అంచు పట్టుకుని వేలాడుతూ, అడుగున పట్టిన గుల్లలు గోకుతున్నాను. నడుం పైన ఎండ, నడుం కింద సముద్రం. లోవరస నుంచి, అంటే ఊరి నడుమ పెద్దవాళ్ళుండే వరస నుంచి, మోటారు పడవ ఒకటి వచ్చి ఆగింది. లోవరస వాళ్ళు మా ఆఖరి వరసకి వచ్చేది జరిమానా వెయ్యడానికి, లేకపోతే ఓట్లు అడగడానికి. వచ్చినాయన లంగరు పార్టీ కార్యదర్శి వైకుంఠరావు గారు. ఆయన చొక్కా మీద ఉప్పునీటి మరక ఒక్కటి లేదు.

"నూకరత్నం గారంటే మీరేనా అమ్మా?"

నన్ను 'గారు' అన్నవాళ్ళు ఈ భూమ్మీద, అంటే ఈ నీళ్ళ మీద, ఇంతవరకు ఎవరూ లేరు. చేతిలో కత్తి జారి మునిగిపోయింది.

"ఆయ్, నేనేనండి."

"ఎన్నికల్లో నిలబడతారా?"

సంగతి ఏమిటంటే, మా వరస నుంచి లంగరు పార్టీ మీద నీళ్ళ రత్నమ్మ పోటీ చేస్తోంది. ఆవిడ అసలు పేరూ నూకరత్నమే. మా ఊళ్ళో ఓటు నోటితో వెయ్యాలి. బూత్‌లో 'చెవి' అనే యంత్రం ఉంటుంది. దాని దగ్గర నోరు పెట్టి అభ్యర్థి పేరు చెప్పాలి. ఒకే పేరు గలవాళ్ళు ఎక్కువమంది ఉంటే ఏ నంబరో చెప్పమంటుంది. ఇంటిపేర్లుంటే ఈ తిప్పలుండేవి కావు. కానీ సముద్రం ఊళ్ళను మింగి జనం తెప్పలెక్కిన కొత్తలో, అందరూ సమానమని చెప్పి, లంగరు పార్టీ ఇంటిపేర్లు రద్దు చేసింది. అప్పుడు నేను ఉయ్యాల్లో ఉన్నాను. ఇప్పటికీ ఇంటిపేరు పైకి పలికితే నీళ్ళ కార్డు నెల్లాళ్ళు రద్దు.

"ఆవిడ ఓట్లు చీలాలమ్మా. మీరేం చెయ్యక్కర్లేదు. పేరుంటే చాలు" అన్నారు వైకుంఠరావు గారు.

ఏం చెయ్యక్కర్లేని ఉద్యోగం కోసం నేను ఊహ తెలిసినప్పటి నుంచి ఎదురుచూస్తున్నాను. పైగా రేపటి నుంచే మా తెప్ప మీద రోజూ పారే మంచినీళ్ళ కుళాయి. ఎన్నికలయ్యాక రెండో వరసలో కొత్త తెప్ప. ఆయన మాట పూర్తవకముందే తలూపేశాను.

మా ఆయన పోలయ్య తెప్పల్ని కలిపి కట్టిన ఊరి తాళ్ళు బిగించే పని ముగించుకుని వచ్చి అంతా విన్నాడు.

"నిన్ను నిలబెడతారా? కూకున్న చోట నించి నిన్ను లేపేటప్పటికే నాకు తలప్రాణం తోకకొస్తంది గదే!"

అడుగు కారుతోంది. మంచినీళ్ళు రాలేదు. బానే ఉంది.

శుద్ధ చవితి

ఇవాళ నామినేషన్లు. ఆఫీసు తెప్ప మీద నాలాంటి నూకరత్నాలు ఇంకో ఇద్దరు కనిపించారు. ఒకావిడ డెబ్బై దాటిన మామ్మ, ఒకప్పుడు వలలు అల్లేదట. చెవుడు. ఇంకొకతె పెళ్ళిళ్ళలో పాటలు పాడే పిల్ల, ఇరవై ఏళ్ళుంటాయి. మామ్మ ఒకటో నంబరు, పాటల రత్నం రెండు, నేను మూడు. అసలు మనిషి నీళ్ళ రత్నమ్మది నాలుగు.

నామినేషన్ కాగితం మీద నా పేరు 'నూకరత్తం' అని రాశాను. మా వరసలో అలాగే పిలుస్తారు. అధికారి ఏమీ అనకుండా తన కలంతో ఒత్తు సరిదిద్దాడు. ఎంత మంచివాడో అనుకున్నాను. తర్వాత నీళ్ళ రత్నమ్మ కాగితాలు చేతిలోకి తీసుకున్నాడు. ఆ చూపు వేరు.

ఆవిడను బలపరిచిన పదిమందిలో నలుగురు వచ్చి, నేల చూపులు చూస్తూ, "ఆ వేలిముద్రలు మావి కావండి" అన్నారు. అందులో మా పక్క తెప్ప దేవుడమ్మ మొగుడు కూడా ఉన్నాడు. నిన్న అతని వల లైసెన్సు ఆగిపోయింది. ఇవాళ సాయంత్రానికి తిరిగొచ్చింది.

నీళ్ళ రత్నమ్మ కంగారు పడలేదు. సంచీలోంచి ఇంకో కాగితం తీసింది. దాని మీద అదనంగా ఇంకో పదిమంది ఉన్నారు.

"వాళ్ళు తిరగబడతారని నాకు తెలుసు. ఒకప్పుడు ఆ తిప్పే పని మీ పార్టీకి నేనే చేసిపెట్టాను" అంది.

పార్టీలో ముప్పై ఏళ్ళు ఉండి, నీళ్ళ కమిటీకి పెద్దగా చేసి, ఆఖరి వరసకి రోజు విడిచి రోజు నీళ్ళివ్వడం అన్యాయమని దెబ్బలాడి బయటికి వచ్చిన మనిషి ఆవిడ. మంచిదే కానీ నోరు మంచిది కాదు. బయటికొస్తూ నా ముందు ఆగింది.

"నువ్వు నాచు ఎండబెట్టే రత్తానివి కదూ? కుళాయి దగ్గర అందరి బిందెలూ దాటించి నీ బిందె ముందుకు తోసేదానివి."

"ఆయ్."

"ఇప్పుడూ అదే పని చేస్తున్నావు" అని వెళ్ళిపోయింది.

జవాబు ఇవ్వాలనుకున్నాను. పడవ ఎక్కాక మంచి జవాబు తట్టింది. నాకెప్పుడూ అంతే.

శుద్ధ షష్ఠి

మమ్మల్ని ముగ్గురినీ లోవరస గెస్ట్‌హౌస్‌లో దింపారు. నీళ్ళ రత్నమ్మ కట్టే నీలం చీరలాంటివే ముగ్గురికీ ఇచ్చారు. ఆవిడ ముడి లాంటి ముడి వేయించారు. అద్దంలో చూసుకుంటే, ఇప్పుడే ఎవరినో తిట్టబోతున్నదానిలా ఉన్నాను.

మంచినీళ్ళతో స్నానం చేశాను. ఒంటి మీది ఉప్పు పోయాక నా అసలు రంగేమిటో నాకే మొదటిసారి తెలిసింది. మధ్యాహ్నం ముళ్ళు తీసిన చేప పెట్టారు. ముల్లు లేని చేపను ఎలా తినాలో తెలియక కాసేపు అనుమానంగా నమిలాను.

శిక్షణ కూడా ఇచ్చారు. మేము చెప్పాల్సింది రెండు ముక్కలు: "నేను నూకరత్నాన్ని. నాకు ఓటెయ్యండి." దానికి రెండు పూటల శిక్షణ. మామ్మకి ఏదీ వినబడక, ప్రతిదానికీ "భోజనానికా?" అని లేచి నిలబడుతోంది. పాటల రత్నం ఆ రెండు ముక్కల్నీ రాగం తీసి పాడేసింది. గెలిచినా ఓడినా ఊరంతటి బాకా పెట్టెల్లో రోజూ ఒక పాట పాడించడానికి ఆ పిల్ల ఒప్పుకుందట.

నా పలుకు మాత్రం ఎంత దిద్దినా 'రత్తం' దగ్గరే ఆగింది. శిక్షకుడు తల పట్టుకున్నాడు. "పోనీలెండి, మీరు గెలవాల్సిన అవసరం లేదుగా" అన్నాడు చివరికి.

శుద్ధ నవమి

ప్రచారం మొదలైంది. మాకు మోటారు పడవ, బాకా, జెండా. నీళ్ళ రత్నమ్మ పడవకు 'అడుగు పరీక్ష' చెయ్యాలని చెప్పి రేవులో ఆపేశారు. ఆవిడ మీటింగు పెట్టుకోబోయిన తెప్ప ప్రమాదకరమని బోర్డు పెట్టారు. నిన్నటిదాకా ఆ తెప్ప మీద పెళ్ళిళ్ళు జరిగాయి. బాకా పెట్టెల్లో ఆవిడకు ఇచ్చిన సమయం సరిగ్గా పంపులు నడిచే వేళ. ఆవిడ మాట్లాడుతుంటే పంపు చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. అన్నిటికీ రూలుంది. అన్ని రూళ్ళ కిందా సంతకముంది. ఆవిడ నోరు మూయమని ఎవరూ అనలేదు.

మా వరసలోకి నేనే వెళ్ళాను, నీలం చీరలో. ఆడవాళ్ళు తెప్పల అంచున నిలబడి చూశారు.

"నేను నూకరత్నాన్ని. నాకు ఓటెయ్యండి" అన్నాను బాకాలో.

"నీళ్ళెప్పుడిస్తారే, రత్తం?" అని ఎవరో అడిగారు.

దానికి శిక్షణలో జవాబు లేదు. "నేను నూకరత్నాన్ని" అని మళ్ళీ అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను, అభ్యర్థి నవ్వకూడదని ఎవరూ చెప్పలేదు కదా.

మా తెప్ప దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. వరస పొడవునా బిందెలు. మరమ్మతు పేరుతో ఆఖరి వరసకి నీళ్ళు పూర్తిగా కట్టేశారట. ఎన్నికల వేళ నీళ్ళ రత్నమ్మ వైపు మొగ్గినందుకు మరమ్మతు. వరసంతటికీ పారుతున్న కుళాయి మాదొక్కటే.

"కట్టెయ్యి, వాళ్ళకి తెలిస్తే పీకేస్తారు" అన్నాను పోలయ్య చెవిలో.

"కుళాయి నీ పేరున ఇచ్చారు. బిందెలు ఊరివి" అన్నాడు వినబడేలాగే.

దేవుడమ్మ నా వంక చూసింది. ఏమీ అనలేదు. అంటే బాగుండేది, తిరిగి అనేదాన్ని. ఆవిడ బిందె నిండేదాకా కుళాయి పట్టుకుని నిలబడ్డాను. దానధర్మం కాదు, ఆ చూపు భరించలేక.

శుద్ధ ద్వాదశి

నీళ్ళ రత్నమ్మను పట్టుకుపోయారు. ఊరి తాళ్ళు కోసే కుట్ర చేసిందట. సాక్ష్యం కింద ఆవిడ వంటింట్లోని చేపల కత్తిని బాకా పెట్టెల్లో వర్ణించి చెప్పారు. జైలు ఓడలో పెట్టారు. పోటీకి అనర్హురాలని ప్రకటించి, నాలుగో నంబరును చెవిలోంచి తీసేశారు.

మా పని అయిపోయిందనుకున్నాం. నేను కొత్త తెప్ప గురించి అడగడానికి వెళ్ళేసరికి వైకుంఠరావు గారి ముఖం మాడిపోయి ఉంది.

"మీ వరసలో ఏమంటున్నారో తెలుసా? ఏ నూకరత్నమైతే ఏం, నూకరత్నానికే వేస్తాం అంటున్నారు!"

విత్‌డ్రా గడువు మొన్ననే దాటింది. మమ్మల్ని తీసేద్దామంటే, ఎదురు అభ్యర్థి లేకుండా ఎన్నిక జరిగితే పరువు తక్కువని వాళ్ళు రాసుకున్న రూలే అడ్డొచ్చింది. అందుకని మేం ముగ్గురం పోలింగుకు ముందురోజు బాకా పెట్టెల్లో లంగరు పార్టీకి మద్దతు ప్రకటించాలి. తలో కాగితం చేతిలో పెట్టారు.

భోజనాల దగ్గర పాటల రత్నం ముద్ద ముట్టుకోలేదు.

"అక్కా, ఇది చదివితే మళ్ళీ మన వరసల్లో ఎవరైనా నన్ను పెళ్ళిలో పాడనిస్తారా?"

"చదవకపోతే బాకాలో పాడనివ్వరు కదమ్మా" అన్నాను. వివేకం చెప్తున్నాననుకున్నాను.

"ఇద్దరూ చదవండి. నా సంగతి నేను చూసుకుంటాను" అంది మామ్మ.

మేమిద్దరం తలెత్తాం. "నీకు వినబడుతుందా మామ్మా?"

"పార్టీ వాళ్ళు మాటాడేటప్పుడు వినబడదే" అని చేప ముక్క నోట్లో పెట్టుకుంది.

శుద్ధ చతుర్దశి

జరిగింది జరిగినట్టు రాస్తాను. నన్ను పొగుడుకోవడానికి ఇందులో ఏమీ లేదు.

బాకా గదిలో ముగ్గురం కూర్చున్నాం. పాటల రత్నం ఈసారి రాగం తియ్యకుండా కాగితం మొత్తం చదివింది. తర్వాత మామ్మ. కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకుంది.

"ఏం చదవమన్నారు బాబూ? కళ్ళు ఆనడం లేదు. నోటితోనే చెప్పేస్తాను. నాకు ఓటెయ్యకండి, నాకు చెవుడు. ఈ పాటల పిల్లకి వెయ్యకండి, చిన్నది, బెదిరిపోతంది. నాచు రత్తానికి వెయ్యండి. మూడో నంబరు."

గదిలో కలకలం. మామ్మను కుర్చీతో సహా ఎత్తి పక్కకు పెట్టారు. వైకుంఠరావు గారు నా భుజం పట్టుకున్నారు.

"నువ్వు సరిచెయ్యి. ఆ ముసలిదానికి మతి లేదని చెప్పి కాగితం చదువు. లేకపోతే కుళాయి పోతుంది, తెప్ప పోతుంది, నీ మొగుడి పనీ పోతుంది."

చదవాలనే కూర్చున్నాను. ఒట్టు. 'నూకరత్నం అను నేను' అని ఉంది మొదట. నోరు తెరిచాను. గొంతు ఎండిపోయి మాట రాలేదు. మంచినీళ్ళడిగాను. ఎవరో పరుగున గ్లాసు తెచ్చిచ్చారు. చల్లటి నీళ్ళు. గటగటా తాగేశాను.

గ్లాసు దించాక తట్టింది. ఎదురుగా మైకు తెరిచే ఉంది. నా గుటకలు ఊరంతా వినబడ్డాయి. ఐదు రోజులుగా నా కుళాయి కింద తప్ప చుక్క నీరు లేని మా వరసలో, ప్రతి తెప్ప మీదా, ఒక్కొక్క గుటకా వినబడింది.

ఇంతవరకు నేను చాలాసార్లు సిగ్గుపడాల్సి ఉండి పడకుండా తప్పించుకున్నాను. ఆ బాకీ అంతా ఒక్కసారిగా వచ్చి మీద పడినట్టయింది. కాగితం మీద అక్షరాలు కనబడలేదు.

"మామ్మ చెప్పింది నిజమేనండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "నాకేం చేతకాదు. నీళ్ళ రత్తమ్మగారు బయటికొచ్చేదాకా ఆవిడ కుర్చీలో కూకుంటాను. కూకోడం ఒక్కటీ నాకు బాగా వచ్చు. మూడో నంబరండి. నీళ్ళు..."

మైకు కట్టేశారు.

ఎవరూ కొట్టలేదు. అంతమంది విన్న గొంతును అదే పూట మాయం చేస్తే బాగుండదని వైకుంఠరావు గారే అన్నారు. మమ్మల్ని ముగ్గురినీ నీలం చీరలతోనే రేవులో దింపేశారు. నేను ఇంటికి చేరేసరికి కుళాయి పీకేసి ఉంది. గొట్టం ఉన్నచోట తెప్పకు చిల్లు. పోలయ్య దాంట్లో పీచు కుక్కుతున్నాడు. అతని పని కూడా పోయింది.

"గుటకలు బాగా వినబడ్డాయి" అన్నాడు తలెత్తకుండా. ఇంకాస్త పీచు కుక్కి, "తర్వాత అన్నది కూడా" అన్నాడు.

పౌర్ణమి

పోలింగు. సముద్రం నిండు పోటు మీద ఉంది. ఆఖరి వరసకి ఒకే బూత్, ఒకే చెవి.

మొదట దేవుడమ్మ వెళ్ళింది. "నూకరత్తం, మూడు" అంది.

"ఆ పేరుతో అభ్యర్థి లేరు. లంగరు పార్టీ అభ్యర్థికి నమోదు చెయ్యమంటారా? మౌనంగా ఉంటే అవునని భావిస్తాం" అంది చెవి.

"ఒద్దొద్దొద్దు!" అని అరుస్తూ దేవుడమ్మ బయటికి వచ్చింది. చెవికి లోవరస పలుకు మాత్రమే నేర్పారట. మేము పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్నది దానికి భాష కాదు.

అప్పుడు పాటల రత్నం పక్క తెప్ప మీద బడి పెట్టింది. "నాలిక పై పళ్ళకి ఆనించండి. రత్... నం. మళ్ళీ." వరసలో నిలబడిన చేపలవాళ్ళు, నాచువాళ్ళు, పళ్ళు లేని ముసలివాళ్ళు, అందరూ గొంతెత్తి "రత్... నం" అంటుంటే పోటు చప్పుడు దాని కింద పడిపోయింది. దేవుడమ్మ మొగుడు అందరికంటే గట్టిగా అన్నాడు. నామినేషన్ నాటి నుంచి అతను తలెత్తి మాట్లాడడం అదే మొదలు.

నా వంతు వచ్చింది. నా పేరు నేను చెప్పుకున్నాను. ఆ పేరుతో ఎవరూ లేరంది. రెండోసారీ లేరంది. ఇంత ప్రచారం చేసి, ఇంత గొడవకి కారణమై, చివరికి నేను లేనే లేనని తేలింది. మూడోసారి కళ్ళు మూసుకుని, నాలిక పళ్ళకు ఆనించి, ఎవరో లోవరస ఆడమనిషి పేరు చెప్పినట్టు చెప్పాను. ఒప్పుకుంది.

పొద్దు వాలగానే బూత్ మూసేశారు. అప్పటికి వరసలో మూడో వంతు జనం ఇంకా నిలబడే ఉన్నారు.

బహుళ విదియ

ఫలితం చెప్పారు. లోవరస హాల్లో అధికారి లేచి, "ఆఖరి వరసలో అత్యధిక ఓట్లు నూకరత్నం గారికి పడ్డాయి" అన్నాడు.

దేవుడమ్మ నన్ను కౌగిలించుకుంది. నా కాళ్ళు నేల మీద లేవు. ఇప్పుడేం మాట్లాడాలా అని ఆలోచిస్తున్నాను. అధికారి ఇంకా నిలబడే ఉన్నాడని గమనించలేదు.

"నూకరత్నం గారు ప్రస్తుతం నిర్బంధంలో ఉన్నారు. నిర్బంధంలో ఉన్నవారు సభ్యులు కాలేరు. కాబట్టి తర్వాతి స్థానంలో ఉన్న లంగరు పార్టీ అభ్యర్థి ఎన్నికైనట్టు ప్రకటిస్తున్నాం."

"బాబూ, నేను ఇక్కడే ఉన్నానండి. మూడో నంబరు" అన్నాను.

"మీ పేరు?"

"నూకరత్తమండి."

"జైల్లో ఉన్నావిడ పేరు?"

"నూకరత్తమేనండి."

"మరి ఆవిడా మీరూ ఒకరు కారని రుజువేమిటి?"

నన్ను నేను ఒకసారి చూసుకున్నాను. "నేను ఇక్కడున్నాను కదండీ."

"ఇంటిపేరు చెప్పండి, వేరని నమోదు చేస్తాం" అన్నారు వైకుంఠరావు గారు, చాలా మర్యాదగా. "చెబితే మాత్రం నేరం. తెలుసుగా?"

చెప్పి జైలుకు పోయేంత ధైర్యం నాకుందో లేదో ఎప్పటికీ తెలియదు. చెప్పడానికి నా ఇంటిపేరు నాకు తెలిస్తేగా. మా అమ్మానాన్నలు భయపడి చెప్పకుండానే పోయారు.

బహుళ సప్తమి

అడుగు కారుతోంది. ఎన్నికలు అయ్యాయి కాబట్టి మరమ్మతు కూడా అయింది. నీళ్ళు మళ్ళీ రోజు విడిచి రోజు. లంగరు పార్టీ కానుక అని బాకాలో చెప్పారు.

ఇవాళ జైలు ఓడకు వెళ్ళాను. నీళ్ళ రత్నమ్మకు బంధువులెవరూ లేరు. ఎండుచేపలు పట్టుకెళ్ళాను. గుమ్మం దగ్గర కాపలావాడు పేరడిగాడు.

"నూకరత్తం."

"ఎవర్ని చూడాలి?"

"నూకరత్తాన్ని."

వేళాకోళమాడుతున్నానని గంటసేపు ఎండలో నిలబెట్టాడు.

వల కంచె అవతల ఆవిడ చిక్కిపోయి కూర్చుంది. ముడి మాత్రం అలాగే ఉంది.

"నా ఓట్లు చీల్చడానికొచ్చి, పోగు చేసిపెట్టావట" అంది.

"కుర్చీ ఇవ్వలేదండి." హాల్లో జరిగింది చెప్పాను. ఇంటిపేరు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ తల దించుకుంది.

"అవి కొట్టేసింది నేనే" అంది. "నీళ్ళ ఆఫీసులో కొత్తగా చేరాను. పంతొమ్మిదేళ్ళు. అందరి కార్డుల మీదా ఇంటిపేర్లు నా చేత్తోనే సిరాతో కొట్టించారు. మంచిపనే అనుకున్నాను. ఇక ఎవరూ పెద్దా కాదు, ఎవరూ చిన్నా కాదు అనుకున్నాను. ఇలాంటి వాటికి వాడతారని అప్పుడు తోచలేదు."

"అయితే మీకు తగిన శాస్తే జరిగిందండి."

నోరు జారింది. ఆవిడ తలెత్తి చూసింది. నీలం చీర కట్టిన రోజు అద్దంలో నా ముఖం మీద కనబడిన చూపు సరిగ్గా అదే. తర్వాత ఫక్కున నవ్వింది. నేనూ నవ్వాను. కాపలావాడు కర్రతో కంచె కొట్టాడు.

"మీ అమ్మ పేరేమిటి?" అంది, నవ్వు తగ్గాక.

"పెంటమ్మండి. నాన్న సింహాచలం."

"తూర్పు కొసన, తారు పూసిన తెప్ప?"

"ఆయ్."

ఆవిడ కంచె దగ్గరికి వంగింది. "గరికిన" అంది మెల్లిగా.

ఎవరిని పిలుస్తోందా అని వెనక్కి తిరిగి చూశాను.

"నువ్వేనే. గరికిన నూకరత్నానివి."

"మీకు అన్నీ గుర్తున్నాయా అండి?"

"ఒక్కోదానికి రెండేసి గీతలు కొట్టించారు. మర్చిపోవడం ఎలా?"

ఇంటికి వచ్చి పోలయ్యకి చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను. అతని ముఖం పాలిపోయింది.

"మరి నాది?"

"అడగలేదు."

"అడగలేదా! నాదీ గరికినే అయితే? ఒకే ఇంటిపేరు వాళ్ళం అయితే అన్నాచెల్లెళ్ళం అవుతాం గదే!"

మా పెళ్ళినాటికి ఇంటిపేర్లు తెలిసిన పెద్దలు ఇద్దరి వైపూ బతికి లేరు. ఇరవై ఏళ్ళ కాపురం చేసి, ఇవాళ చాప తీసుకుని తెప్ప అవతలి కొసకు పోయాడు. నేను నవ్వితే కసిరాడు. పక్క తెప్ప మీద దేవుడమ్మ అంతా విని, మా తెప్పకు దూకి, "మరి మాదేటే?" అంది.

బహుళ చతుర్దశి

ఇవాళ ములాఖత్ రోజు. ఖైదీకి ఒక్కరినే పంపిస్తారు. ఓడ చుట్టూ సముద్రం మీద ఎంతమంది ఉండొచ్చో మాత్రం రూల్లో రాయలేదు.

మా వరసలో తేలగలిగినదల్లా బయల్దేరింది. వల పడవలు, నాచు బల్లకట్లు, చివరికి పీపాలు కట్టిన తలుపు చెక్క మీద ఇద్దరు. ఆవిడ గది కిటికీ, గుండ్రంగా, తుప్పు పట్టి, నీటికి రెండు నిలువుల పైన ఉంది. దేవుడమ్మ కింద పడవలో నిలబడి చేతులు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీళ్ళ రత్తమ్మా! మా అత్త పేరు ముత్యాలు! మాదేటమ్మా?"

ఓడ మీద బాకా మోగింది. "ఇంటిపేర్లు పలకడం నేరం. పలికినా, విన్నా నీటికార్డు రద్దవుతుంది."

"సరిగ్గా రాని నీళ్ళకి కార్డెందుకు బాబూ!" అంది దేవుడమ్మ.

కిటికీలో ముఖం కనబడింది. ఆవిడ గొంతు, కుళాయి దగ్గర మా అందరినీ తిట్టిన గొంతే, నీళ్ళ మీద పరుచుకుంది.

"చోడిపల్లి!"

దేవుడమ్మ పడవలో కూలబడి, "చోడిపల్లి" అని మొగుడితో అంది, అతను అక్కడ లేనట్టు, ఇప్పుడే వచ్చినట్టు. ఇంకో పడవ ముందుకు జరిగింది. తర్వాత ఇంకొకటి. ఆవిడ కొన్నిటికి వెంటనే చెప్పింది. కొన్నిటికి, "మీ తాత కుంటేవాడా?" అని అడిగి చెప్పింది. ఒకరిద్దరికి, "గుర్తు రావడం లేదమ్మా, మళ్ళీ రండి" అంది. మామ్మ మాత్రం ఎవరినీ అడగలేదు. తన పడవలో లేచి నిలబడి, "మాది వాసుపల్లి" అని తనే చెప్పుకుంది, అందరికీ వినబడేలాగ.

మా పడవ వంతు వచ్చింది. పోలయ్య నన్ను మోచేత్తో పొడిచాడు. నేనే అరిచాను.

"మా ఆయనండి! పోలయ్య! వాళ్ళమ్మ అప్పలనరసమ్మ!"

ఆవిడ చాలాసేపు ఆలోచించింది. పడవలన్నీ ఆగి చూశాయి, వరసంతటికీ మా కాపురం సంగతి తెలుసు మరి. పోలయ్య తెడ్డును గుండెకు హత్తుకున్నాడు. నేను దేవుళ్ళకి మొక్కుకున్నాను, తీర్చగలనో లేదో చూసుకోకుండా.

"మైలపల్లి!"

పడవలన్నీ ఒక్కసారిగా కేక పెట్టాయి. పోలయ్య తెడ్డు మీద తల వాల్చి, భుజాలు కదులుతుంటే, అలా ఉండిపోయాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. తర్వాత తలెత్తాడు.

"లెక్క ప్రకారం ఇప్పుడు నువ్వు మైలపల్లి నూకరత్తానివి అవుతావు గదే" అన్నాడు.

"దొరికి పట్టుమని పది రోజులు కాలేదు, అప్పుడే లాక్కుంటావా?" అన్నాను.

వెనక నుంచి కాపలా పడవల మోటార్లు వినబడ్డాయి. ఎవరూ తెడ్డు ఎత్తలేదు. అడగాల్సినవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు.